తనది కాని భూమిని వీలునామాలో రాసిపోతే
(ఫిలింనగర్‌లో మన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫిలింనగర్‌లో రైతు సంఘం మీటింగేమిటని దారిలో ఒకరిద్దరు అడిగారు. ఇక్కడ లైట్లు మోసేవాళ్లు, సెట్లు కట్టే వడ్రంగులు, ప్రొడక్షన్ బండ్లు నడిపేవాళ్లు, షూటింగుల్లో వంట చేసేవాళ్లు ఎవరి బిడ్డలు? పాలమూరు, నల్లగొండ, గోదావరి జిల్లాల రైతుల బిడ్డలే. పొలం అక్కడుంది, మనిషి ఇక్కడున్నాడు. నాయన పోయి పెద్దకర్మ అయిపోయాక అన్న ఒక కాగితం తీస్తాడు. "నాయన వీలునామా రాసిండు" అంటాడు. రిజిస్ట్రాఫీసు ముద్ర చూడగానే తమ్ముడు చల్లబడతాడు, చెల్లె మాట్లాడకుండా బస్సెక్కుతుంది.

ఆ ముద్రకు అంత భయపడొద్దని చెప్పడానికే వచ్చాం. నాయన ఆ కాగితాన్ని రిజిస్టరు చేయించాడని ముద్ర చెబుతుంది. అందులో రాసిన పొలం నాయనదేనని చెప్పదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, తనది కానిదాన్ని ఎంత చక్కగా రాసినా అది అవతలివాడికి పోదు. 1925 నాటి భారత వారసత్వ చట్టంలో హిందువులకు వర్తించే సెక్షన్ల పట్టికకే ఒక షరతు పెట్టారు. బతికుండగా తాను అమ్మడానికో ఇవ్వడానికో వీల్లేని ఆస్తిని వీలునామాతో కూడా ఇవ్వలేడు. (ముస్లిం కుటుంబాల లెక్క వేరు. అక్కడ మిగతా వారసులు ఒప్పుకోకపోతే మూడో వంతుకు మించి వీలు చెల్లదు.)

మరి నాయనది ఎంత? ఎనిమిదెకరాల పిత్రార్జితం, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు అనుకోండి. నాయనతో కలిపి నాలుగు వాటాలు. ఆయన చేతిలో ఉన్నది రెండెకరాలే. ఎనిమిదీ పెద్దోడికే అని రాసినా, ఆ రాతతో పోయేది రెండెకరాలే. కూతురి వాటా మొదట మన రాష్ట్రంలోనే వచ్చింది. ఈ సినిమా రంగం నుంచే వెళ్లిన ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1986లో సవరణ తెచ్చారు, 5-9-1985 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు అది దక్కలేదు. 2005లో కేంద్రం ఆ అడ్డు తీసేసింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలా అన్న గొడవ 11-8-2020న సుప్రీంకోర్టు తీర్పుతో తేలింది, ఉండనక్కరలేదు. అయితే 20-12-2004కు ముందే పూర్తయిన పంపకాలను, అమ్మకాలను, వీలునామాలను ఆ సవరణ పేరుతో తిరగదోడలేం. ఇది కూడా చెప్పకపోతే మేం మీకు ఆశ పెట్టి మోసం చేసినట్టే.

ఇక మనవాళ్లలో నూటికి తొంభై మందికి తెలియని సంగతి ఒకటుంది. దాని దగ్గర కాసేపు ఆగాలి.

అమ్మకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద రాసిచ్చిన రెండెకరాలున్నాయి అనుకుందాం. అది పూర్తిగా అమ్మది. నాయన ఏళ్ల తరబడి తానే దున్నాడు, శిస్తు తానే కట్టాడు, చివరికి తనదే అనుకున్నాడు. వీలునామాలో సర్వే నెంబరు వేసి ఆ రెండెకరాలు పెద్దోడికి రాశాడు. అదే వీలునామాలో అమ్మకు తన స్వార్జితం ఇల్లు, బ్యాంకులో మూడు లక్షలు రాశాడు. ఇప్పుడు అమ్మ రెండూ ఉంచుకోవచ్చా? కుదరదు. 180వ సెక్షన్ ప్రకారం ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఇల్లూ డబ్బూ తీసుకుంటే పొలం వదలాలి. పొలం ఉంచుకుంటే, వీలునామా కింద వచ్చేవి వదలాలి. అలా వదిలినదాంట్లోంచి పెద్దోడికి పొలం విలువ కట్టివ్వాలి.

చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది, అదీ పొలం గురించే. సుల్తాన్‌పూర్ పొలం ఒకరిది, ఖరీదు 800 రూపాయలు. వేరే ఆయన దాన్ని మూడో మనిషికి రాసి, అసలు యజమానికి 1,000 రూపాయలు రాశాడు. యజమాని పొలమే ఉంచుకున్నాడు. వెయ్యీ పోయింది. అందులో 800 పొలం అందని మనిషికి వెళ్లింది, 200 చనిపోయినాయన మిగతా ఆస్తిలో కలిసింది. రాసినాయన పొలం తనదేనని నిజంగా నమ్మి రాసినా లెక్క ఇదే.

వీలునామాలో అమ్మకు ఏమీ రాయకపోతే ఎంచుకోవలసిన పనే లేదు, తన పొలం తనకుంటుంది. అలాగే మాట కూడా చూడాలి. "నా ఆస్తి అంతా" అని రాస్తే అది నాయన సొంతానికే వర్తిస్తుందని మొదట అనుకోవాలి. ఎదుటివాళ్ల భూమిని ఇస్తున్నట్టు స్పష్టంగా కనపడితేనే ఈ చిక్కు.

చిక్కంతా తొందరలోనే. సంగతి తెలిసి డబ్బు తీసుకుంటే వీలునామాకు ఒప్పుకున్నట్టే. అభ్యంతరం చెప్పకుండా రెండేళ్లు అనుభవిస్తే, తెలిసే తీసుకున్నారని కోర్టు అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవలసింది మనమే. చనిపోయిన ఏడాదిలోగా మనం ఏదీ చెప్పకపోతే, వీలునామా అమలు చేసేవాళ్లు ఏదో ఒకటి తేల్చమని అడుగుతారు. అడిగాక సహేతుకమైన గడువులో జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఊరినుంచి పోస్టు వస్తుంది, మనం షూటింగులో ఉంటాం, అది ఇంట్లో దేవుడి పటం వెనక పడి ఉంటుంది. అలా భూములు పోతాయి. మైనరు పిల్లలకు మాత్రం మైనారిటీ తీరేదాకా గడువుంటుంది, ఈలోగా వాళ్ల తరఫున సంరక్షకుడు ఎంచుకోవచ్చు.

ఈ బంగళాల కింద ఉన్న నేల కూడా ఒకప్పుడు షేక్‌పేట పరిసరాల గుట్టలే. ఈ పక్కనే హైదర్‌నగర్, హఫీజ్‌పేట సంగతి మీరు వినే ఉంటారు. ఖుర్షీద్ జా పాయిగా వారసుల పంపకాల దావా, హైకోర్టులో 1958 నాటి 14వ నెంబరు. ప్రాథమిక డిక్రీ 1963లో వచ్చింది. జాగీర్లు 1949లోనే రద్దయ్యాయి. అయినా ఆ డిక్రీ పట్టుకుని దశాబ్దాల పాటు చేతులు మారాయి. 2023లో హైదర్‌నగర్ భూములపై సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వారసులు తమలో తాము తెచ్చుకున్న పంపకాల డిక్రీ, ఆ కేసులో లేకుండా సొంత హక్కు చెప్పుకునే మూడో మనిషిని కట్టిపడేయదు. అది వీలునామా కేసు కాదు, సూత్రం మాత్రం ఒకటే. 38-ఇ సర్టిఫికెట్ ఉన్న రక్షిత కౌలుదారు కుటుంబాలూ ఇది గుర్తుంచుకోవాలి. భూస్వామి వారసులు ఎన్ని వీలునామాలు చూపినా, కౌలుదారుకు దఖలైన భూమి వాటిలో రాస్తే వాళ్లదైపోదు.

ఇప్పుడు చేయాల్సిన పని. భూభారతి చట్టం కింద వారసత్వ మ్యుటేషన్‌కు తహసీల్దారు వారసులకు నోటీసిచ్చి విచారించాలి. ఆ నోటీసుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకోండి. మ్యుటేషన్ అయిపోయినా హక్కు పోయినట్టు కాదు, అది రికార్డు మార్పే, హక్కు తేల్చేది సివిల్ కోర్టు. కానీ పాసుబుక్కు వాళ్ల చేతిలో పడ్డాక అప్పులు, అమ్మకాలు మొదలవుతాయి, అప్పుడు మనం పరుగెత్తాలి.

మా దగ్గరికి వచ్చేటప్పుడు వీలునామా నకలు ఒక్కటే తేవొద్దు. అందులోని సర్వే నెంబర్లకు 1954-55 ఖాస్రా పహాణీ, ఆ తర్వాతి పహాణీలు, అమ్మ పేరున కాగితాలుంటే అవి, వచ్చిన నోటీసులు కవర్లతో సహా తీసుకురండి. కవరు మీద తపాలా ముద్ర తేదీ కావాలి.