గెలుపూ ఓటమీ వాళ్లకూ కావాలి



ఆదివారం ఉదయం ఆరున్నర గంటలకు మన విశాఖపట్నం ఆటోనగర్ ఎలా ఉంటుందో మీలో చాలామంది చూసి ఉండరు. వారమంతా అక్కడ లారీల రొద, వెల్డింగు మెరుపులు, సుత్తిదెబ్బలు. గాజువాక వైపు నుంచి నడిచి వచ్చేవాళ్లు చెవులు మూసుకోవలసిందే. ఆదివారం పొద్దున్న మాత్రం షెడ్ల తలుపులు చాలావరకు మూసి ఉంటాయి. ఆ నిశ్శబ్దంలో ఒక ఖాళీ జాగాలో పదిహేను, పదహారుమంది పిల్లలు పాత టైర్లలో గెంతుతూ, బంతులు విసురుతూ కనబడతారు. పిల్లలని అలవాటుగా అంటున్నాను గానీ, వాళ్లలో ఎనిమిదేళ్లవాళ్లూ ఉన్నారు, ముప్ఫై దాటినవాళ్లూ ఉన్నారు. అందరూ బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లే. మా వీధి ఆడవాళ్లం నలుగురం కలిసి నడుపుతున్న ఈ ఆటల సంగతి, అందులో మేము చేసిన ఒక పొరపాటు సంగతి ఈ రోజు మీకు చెబుతాను.

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. బుద్ధిమాంద్యం వేరు, మతి చలించడం వేరు. మతి చలించడం జబ్బు. మంచి వైద్యం చేయిస్తే నయం కావచ్చు. బుద్ధిమాంద్యం అలాంటి జబ్బు కాదు. మెదడు ఎదుగుదల చిన్నతనంలోనే మందగించడం వల్ల నేర్చుకోవడం, ఆలోచించడం, తన పనులు తాను చేసుకోవడం వయసుకు తగినట్టు రావు, అంతే. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం దీనిని మేధో వైకల్యం అంటోంది. ఇలాంటివారికి ఆటల్లో పాల్గొనే వీలు కల్పించాలని ఆ చట్టంలోనే ప్రత్యేకంగా ఒక సెక్షన్ ఉంది. కానీ చట్టం వచ్చినంత మాత్రాన మన ఇళ్ల తలుపులు తెరుచుకుంటాయా, చెప్పండి?

ఇంట్లో పెళ్లి కావలసిన అక్క ఉందని ఒకరు, ఇరుగుపొరుగు నవ్వుతారని ఒకరు, రోడ్డు మీద లారీలని ఒకరు, బిడ్డను గడప దాటనివ్వరు. అన్నం కలిపి పెట్టి, టీవీ ముందు కూర్చోబెడతారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బిడ్డకు ఒళ్లు పెరుగుతుంది, కాళ్లలో పట్టు తగ్గుతుంది. బిడ్డతోపాటు తల్లి కూడా ఇంటికి కట్టుపడిపోతుంది. పెళ్లిళ్లకు వెళ్లదు, పేరంటానికి వెళ్లదు. ఆమె కన్నీళ్లు చూసే తీరిక ఎవరికీ ఉండదు.

ఇది మన దగ్గరే ఉన్న పద్ధతి అనుకోకండి. అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీ చెల్లెలు రోజ్‌మేరీకి ఇలాంటి లోపమే ఉండేది. 1941లో ఆమెకు చేయించిన మెదడు ఆపరేషన్ వికటించింది. ఆ తర్వాత ఆమెను ఇంటికి దూరంగా ఉంచేశారు. అంత గొప్ప ఇంట్లోనూ ఎన్నో ఏళ్లు ఆ సంగతి లోకానికి తెలియనివ్వలేదు. రోజ్‌మేరీ తర్వాత పుట్టిన యూనిస్ కెనెడీ శ్రైవర్ 1962లో మేరీలాండ్‌లో తన ఇంటి పెరట్లోనే ఇలాంటి పిల్లలకు వేసవి ఆటల శిబిరం పెట్టారు. పెరట్లో మొదలైన ఆ పనే పెరిగి పెద్దదై, 1968 జూలై 20న షికాగో నగరంలో మొదటి స్పెషల్ ఒలింపిక్స్ క్రీడలయింది. మన దేశంలో ఈ పని చూస్తున్న సంస్థ పేరు స్పెషల్ ఒలింపిక్స్ భారత్. 2023 జూన్‌లో బెర్లిన్‌లో జరిగిన ప్రపంచ క్రీడల్లో మనవాళ్లు 202 పతకాలు గెలుచుకుని వచ్చారు.

మనకు అంతంత పెరళ్లు ఎక్కడివి అంటారేమో. మాకూ లేవు. మేము మొదలుపెట్టిన రోజున మా దగ్గర ఉన్నవి ఒక ఈల, రెండు రబ్బరు బంతులు, ఒక తాడు, గీతలు గీయడానికి కాస్త ముగ్గు. టైర్లు మాత్రం ఆటోనగర్‌లో కొదవలేదు. పనికిరాని వాటిని షెడ్లవాళ్లే ఇచ్చారు. అయితే ఆ జాగా నిండా మేకులు, ఇనుప రజను, గాజుపెంకులు. చీపుళ్లతో ఊడ్చినా చిన్న మేకులు మట్టిలోనే ఉండిపోయేవి. ఒక మెకానిక్ పాత లౌడ్‌స్పీకరులోని అయస్కాంతానికి తాడు కట్టి ఇచ్చాడు. దాన్ని నేలమీద ఈడ్చుకుంటూ తిరిగితే మేకులన్నీ దానికే అంటుకుంటాయి. ఇప్పుడు ఆ అయస్కాంతం లాగడానికి మా పిల్లలు నేనంటే నేనని పోటీ పడతారు. మా ఆటల్లో మొదటి ఆట అదే.

నేర్పే పద్ధతి గురించి కూడా చెప్పాలి. మీ ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పడానికైనా ఇది పనికొస్తుంది. ఒకసారికి ఒక్క మాటే చెప్పాలి. ‘గీత దగ్గర నిలబడు.’ చెబితే అందకపోతే చేసి చూపించాలి. చూపించినా అందకపోతే చెయ్యి పట్టుకుని చేయించాలి. తర్వాత మెల్లగా ఆ చెయ్యి వదిలెయ్యాలి. బంతి విసరడం అనేది మనకు ఒక పని. వాళ్లకు అది నాలుగు పనులు: పట్టుకోవడం, చెయ్యి వెనక్కి తీయడం, ఎదురుగా చూడడం, వదలడం. నాలుగూ విడివిడిగా నేర్పాలి. అదే రోజు, అదే వేళ, అదే వరుస. ఈ వారం బంతి ముందు, వచ్చే వారం పరుగు ముందు అంటే వాళ్లు తికమకపడతారు.

ఆరోగ్యం సంగతి మరచిపోకూడదు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవారిలో దాదాపు సగం మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. కొందరికి మెడ పైభాగంలో ఎముకల కూర్పు వదులుగా ఉంటుంది. అలాంటివారు పిల్లిమొగ్గలు వేస్తే, తలతో బంతిని కొడితే ప్రమాదం. అందుచేత డాక్టరుకు చూపించకుండా ఎవరినీ ఆటలోకి దింపకూడదు. మూర్ఛ వచ్చే అలవాటు ఉందేమో తల్లిని అడిగి తెలుసుకోవాలి. మా ఆటోనగర్‌లో ఎవరికైనా మూర్ఛ వస్తే చాలు, నాలుగువైపుల నుంచీ స్పానర్లు, తాళంచెవులు పట్టుకుని పరుగెత్తుకొస్తారు. చేతిలో ఇనుము పెడితే తగ్గుతుందన్నది ఉత్త నమ్మకం. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి. నోట్లో ఏమీ కుక్కకూడదు, నీళ్లు పోయకూడదు. అయిదు నిమిషాలకు మించితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఇక మన విశాఖ ఉక్కపోత మీకు తెలిసిందే. ఎనిమిది గంటలకల్లా ఆట ముగించి, అందరికీ మజ్జిగ ఇచ్చి పంపేస్తాం.

ఇప్పుడు మా పొరపాటు సంగతికి వస్తాను.

కొన్ని నెలలు గడిచాక పందేలు పెట్టాలని సరదా పుట్టింది. ఆరుగురిని వరుసలో నిలబెట్టి ఈల ఊదాం. లారీలకు బాడీలు కట్టే షెడ్డులో పనిచేసే ఆయన కొడుకు, పదిహేడేళ్లవాడు, బాణంలా దూసుకుపోయాడు. ఇరవై ఏళ్ల అమ్మాయి ఒకతె నాలుగు అడుగులు వేసి, ముందున్న వాళ్ల వీపులు చూసి అక్కడే ఆగిపోయింది. పాపం, ఎవరి మనసూ నొచ్చుకోకూడదని మేము అందరికీ ఒకే రకం స్టీలు గ్లాసు ఇచ్చి, ‘అందరూ ఫస్టే’ అని చప్పట్లు కొట్టాం. మేమేదో పుణ్యకార్యం చేశామనే అనుకున్నాం. ఆ కుర్రాడు తన గ్లాసు చూసుకున్నాడు. ఆగిపోయిన అమ్మాయి చేతిలోని గ్లాసు చూశాడు. తన గ్లాసు నేలమీద పెట్టి, వెనక్కి తిరగకుండా ఇంటికి వెళ్లిపోయాడు. తర్వాత మూడు ఆదివారాలు రాలేదు.

నేను వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ అన్న మాట ఈనాటికీ నా చెవుల్లో ఉంది. ‘ఏటమ్మా అలగ సేసినారు? మావోడికి లెక్కలు రావు గానీ, ముందొచ్చినోడెవడో ఎనకొచ్చినోడెవడో తెల్దేటి? ఆడు పుట్టి పదిహేడేళ్లయినాది. ఒక్క పాలి గెలిసినాడు. అదీ లేకుండా సేసీసినారు.’

నా దగ్గర జవాబు లేకపోయింది. జాలి పేరుతో మేము ఆ బిడ్డ గెలుపు తీసేసుకున్నాం. ఆ అమ్మాయికైతే పరుగెత్తే అవసరమే లేకుండా చేశాం. ఆగిపోయినా గ్లాసు వస్తున్నప్పుడు చివరిదాకా ఎందుకు పరుగెత్తాలి?

తర్వాత తెలిసినవాళ్లను అడిగితే స్పెషల్ ఒలింపిక్స్ వారి పద్ధతి చెప్పారు. వాళ్లు ముందుగా అందరినీ పరుగెత్తించి, ఎవరికి ఎంత సమయం పట్టిందో రాసుకుంటారు. ఆడ, మగ, వయసు చూసుకుని, దాదాపు సమానమైన శక్తి ఉన్నవాళ్లను ఒక జట్టుగా చేస్తారు. జట్టుకు ముగ్గురికి తగ్గకుండా, ఎనిమిదిమందికి మించకుండా ఉంటారు. ఒకే జట్టులో అందరికంటే వేగమైనవారికీ అందరికంటే నెమ్మదైనవారికీ తేడా వందకు పదిహేను పాళ్లు దాటకుండా చూసుకుంటారు. అంటే ఒకరు పది సెకండ్లలో పరుగెత్తితే, ఆ జట్టులో చివరివారు పదకొండున్నర సెకండ్లకు అటూ ఇటూగా ఉండాలన్నమాట. ఆ తర్వాత పెట్టేది నిజమైన పందెం. గెలిచినవారు గెలిచినట్టే, ఓడినవారు ఓడినట్టే. ఎవరు గెలుస్తారో ముందుగా ఎవరికీ తెలియదు. మనం ఇంట్లో అన్నదమ్ముల చేత ఆడించినప్పుడు పెద్దవాడికీ చిన్నవాడికీ ఒకే గీత పెడతామా? ఆ తెలివే ఇక్కడా కావాలి.

సమానులతో సమానంగా పోటీ ఉండాలన్న ఈ నియమం తప్పితే ఎంత నష్టమో ఒక ఉదాహరణ చెబుతాను. 2000లో సిడ్నీ పారాలింపిక్స్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవారి బాస్కెట్‌బాల్ పోటీలో స్పెయిన్ జట్టు బంగారు పతకం గెలిచింది. తీరా చూస్తే ఆ పన్నెండుమందిలో పదిమందికి ఏ లోపమూ లేదు! ఆ మోసం వల్ల 2004లోనూ 2008లోనూ ప్రపంచంలోని ఇలాంటి క్రీడాకారులందరికీ పారాలింపిక్స్ తలుపులు మూసుకుపోయాయి. మళ్లీ 2012 లండన్ క్రీడల్లోనే తెరుచుకున్నాయి.

ఆ తలుపులు తెరుచుకోబట్టే మన తెలుగమ్మాయి జీవాంజి దీప్తి లోపలికి వెళ్లగలిగింది. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామంలో కూలి పనులు చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ. ఊళ్లో ఆమెను వెక్కిరించని నోరు లేదట. ఆ దీప్తి 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్ల పరుగు 55.07 సెకండ్లలో ముగించి అప్పటి ప్రపంచ రికార్డును సృష్టించింది. అదే ఏడాది సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకండ్లతో కాంస్య పతకం తెచ్చింది. ఆ రోజు బంగారు పతకం మరొక దేశపు అమ్మాయికి వెళ్లింది. దీప్తికి ఎవరూ జాలిపడి ఏమీ ఇవ్వలేదు. అందుకే ఆ పతకానికి అంత విలువ.

మా ఆటోనగర్ పిల్లలందరూ దీప్తి అంతవారు కారు, కానక్కర్లేదు కూడా. కానీ ఆ పద్ధతి మేము పట్టుకున్నాం. సెల్‌ఫోన్‌లో సమయం చూసి నోటుపుస్తకంలో రాసుకుంటాం. యాభై మీటర్ల పరుగు, నిలబడి దూకడం, బంతి విసరడం, ఇవే మా పందేలు. ఆ కుర్రాడిని బ్రతిమాలి తీసుకువచ్చి, అతనితో సరితూగే ముగ్గురితో పరుగెత్తించాం. మొదటిసారి రెండోవాడుగా వచ్చాడు. మొహం గంటు పెట్టుకున్నాడు గానీ, వెళ్లిపోలేదు. మరుసటి వారం అందరికంటే ముందు వచ్చి గీత దగ్గర నిలబడ్డాడు.

ఇంకొక సంగతి. ఒకనాటి సాయంత్రం ఆ కుర్రాడు ఇంట్లో ఎవరూ చూడకుండా బయటికి వెళ్లి, లారీలు తిరిగే జాతీయ రహదారి దాకా నడిచిపోయాడు. ఒక టైరు పంక్చర్లు వేసే అతను చూసి, ‘మన ఆదివారం పరుగు కుర్రోడు’ అని గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకువచ్చాడు. అంతకుముందు అలాంటి బిడ్డ ఆ వీధిలో ఉన్నాడనే ఎవరికీ తెలియదు. ‘నేను పోతే ఆడినెవులు సూస్తారమ్మా’ అని ఏ తల్లి అడిగినా పూర్తి జవాబు నా దగ్గర లేదు. కానీ దాచిపెట్టిన బిడ్డను ఊరు కాపాడలేదు. నలుగురి కళ్లలో పడిన బిడ్డకు నలుగురు తోడుంటారు. ఇంతవరకు మాత్రం చెప్పగలను.

మీ వీధిలోనూ అలాంటి తలుపు ఒకటి ఉండే ఉంటుంది. ఒకసారి వెళ్లి తట్టండి. తల్లి వద్దంటే మళ్లీ వారం వెళ్లండి. ఒక్క బంతితో, ఇద్దరు పిల్లలతో మొదలుపెట్టండి. నలుగురు పిల్లలకు ఒక పెద్దమనిషి ఉండేలా చూసుకోండి. పందెం పెడితే నిజమైన పందెమే పెట్టండి.

నాలుగు అడుగులకే ఆగిపోయిన ఆ అమ్మాయి ఏమైందంటారా? తన వేగం వాళ్లు ఇద్దరితో కలిపి పరుగెత్తించాం. ఈసారి ఆగలేదు. ముగ్గుగీత దాటేదాకా పరుగెత్తింది. ముగ్గురిలో మూడోది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఆయాసపడుతూ నా దగ్గరకు వచ్చి, ‘మళ్లీ ఎప్పుడు?’ అని అడిగింది.

వచ్చే ఆదివారమే అని చెప్పాను.