ఊరు వేసిన పేరు, తాను పెట్టుకున్న పేరు



ఈ ఏడాది మాస్టారి స్మారకోపన్యాసం చెయ్యమని ఫోన్ చేసినప్పుడు నిర్వాహకులు విషయం ఏమిటని అడిగారు. విక్కా అనే మతం గురించి మాట్లాడతానన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "అంటే చేతబడి గురించా మేడమ్?" అన్నారు. ఆయన్ని తప్పు పట్టను. రెండేళ్ల కిందట నా స్నేహితురాలు అర్ధరాత్రి ఫోన్ చేసి ఏడ్చినప్పుడూ ఇదే మాట. ఆమె కూతురు అమెరికాలో చదువుకుంటోంది. వీడియో కాల్‌లో పిల్ల మెడలో ఐదు మూలల వెండి చుక్క కనిపించింది. ఇదేంటే అని అడిగితే, "నేను విక్కన్‌ని అమ్మా" అందట. "మా పిల్ల మంత్రగత్తెల్లో కలిసింది, ఎవరికి చూపించాలి?" అని తల్లి నన్ను అడిగింది.

మాస్టారు మాకు చరిత్ర చెప్పేవారు. భయం వేసినప్పుడు మొదట తేదీలు అడగండిరా అనేవారు. ఆ రాత్రి స్నేహితురాలికి నేను మొదట చెప్పినవి తేదీలే. ఇవాళ మీకూ అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

1951 అంటే మనకు పాతాళభైరవి. ఎస్.వి.రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడి వేషం మా తరం పిల్లల కళ్ళ ముందు ఎన్నేళ్లున్నదో నేను చెప్పక్కర్లేదు. సరిగ్గా అదే ఏడాది లండన్‌లో పార్లమెంటు 1735 నాటి విచ్‌క్రాఫ్ట్ చట్టాన్ని రద్దు చేసింది. అప్పటిదాకా ఇంగ్లండులో మంత్రగత్తెలను శిక్షించారని చాలామంది అనుకుంటారు. ఆ చట్టాన్ని చదివితే సంగతి వేరు. తనకు మంత్రశక్తి ఉందని చెప్పుకొని జనాన్ని మోసగించడం నేరమని మాత్రమే అది అన్నది. అంటే అప్పటికి రెండు వందల ఏళ్ల ముందే అక్కడి చట్టం మంత్రగత్తెలను నమ్మడం మానేసింది. ఆ చట్టం కిందనే 1944లో, ఆత్మలతో మాట్లాడిస్తానన్న హెలెన్ డంకన్ అనే ఆమెను జైలుకు పంపారు.

చట్టం పోయిన మూడేళ్లకు, 1954లో, విచ్‌క్రాఫ్ట్ టుడే అనే పుస్తకం వచ్చింది. రాసింది జెరాల్డ్ గార్డనర్. 1884లో లివర్‌పూల్ దగ్గర పుట్టినవాడు, చిన్ననాటి నుంచి ఉబ్బసం మనిషి, బడి చదువు పెద్దగా లేదు. సిలోన్ తేయాకు తోటల్లోనూ బోర్నియోలోనూ మలయాలోనూ బతుకు వెతుక్కున్నాడు. మలయాలో కస్టమ్స్ ఉద్యోగం చేశాడు, అక్కడి క్రిస్ కత్తుల మీద ఒక పుస్తకమూ రాశాడు. 1936లో రిటైరై ఇంగ్లండు చేరాడు. 1939లో న్యూ ఫారెస్ట్ దగ్గర ఒక రహస్య బృందం తనను తమలో చేర్చుకుందని, వాళ్ళది క్రైస్తవం రాకముందు నుంచీ చాటుగా బతికిన పాత మతమని ఆయన చెప్పాడు. ఇవాళ మనం విక్కా అంటున్నది ఈయన దగ్గర మొదలైంది.

ఆ పాత మతం నిజంగా ఉండేదా? నన్ను అందరికంటే ఎక్కువగా పట్టుకున్న ప్రశ్న ఇది. గార్డనర్ పుస్తకానికి ముందుమాట రాసింది మార్గరెట్ ముర్రే. ఈజిప్టు చరిత్రలో పండితురాలు, 1863లో మన కలకత్తాలో పుట్టింది. మంత్రగత్తెలన్న నిందతో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళంతా ఒక ప్రాచీన మతానికి చెందినవాళ్ళని 1921లోనే ఆమె వాదించింది. తర్వాత నార్మన్ కోన్ వంటి చరిత్రకారులు ఆమె వాడుకున్న పాత వాంగ్మూలాలను తీసి మళ్ళీ చదివారు. గాలిలో ఎగిరామని, జంతువులుగా మారామని హింస పెట్టి చెప్పించిన మాటలను ఆమె వదిలేసి, నమ్మశక్యంగా ఉన్న ముక్కలనే ఏరి అతికిందని తేలింది. ఆ వాదం ఇక నిలవలేదు. 1999లో రోనాల్డ్ హట్టన్ రాసిన ట్రయంఫ్ ఆఫ్ ది మూన్ ఈ కథనంతా ఓపికగా విప్పింది. ఆయన పుట్టింది ఊటీలో. పాత మతం ఉందన్న ఆమే, లేదని తేల్చిన ఈయనా మన నేల మీదే కళ్ళు తెరిచారు. యాదృచ్ఛికమే, కానీ మాస్టారు ఉంటే సంతోషపడేవారు.

గార్డనర్ పూజాక్రమంలో ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో హట్టన్ చూపిస్తాడు. దీక్షకు మూడు మెట్లు ఫ్రీమేసన్ల నుంచి, వలయం గీసి నాలుగు దిక్కులను పిలవడం గోల్డెన్ డాన్ అనే పందొమ్మిదో శతాబ్దపు సంఘం పద్ధతుల నుంచి, కొన్ని వాక్యాలు ఏకంగా అలీస్టర్ క్రౌలీ అనే ఇంగ్లీషు మాంత్రికుడి రచనల నుంచి. దీన్ని మొదట పసిగట్టింది పరాయివాళ్ళు కాదు, డోరీన్ వాలియెంటే. 1953లో గార్డనర్ ఇచ్చిన దీక్ష తీసుకున్న ఆమె పూజాగ్రంథంలో క్రౌలీ మాటలు గుర్తుపట్టి గురువునే నిలదీసింది. ఇంతకంటే బాగా రాయగలిగితే నువ్వే రాయి అన్నాడాయన. ఆమె రాసింది. విక్కాలో ఇవాళ అందరికంటే ఎక్కువగా వినిపించే దేవీవాక్యం ఆమె కలం నుంచి వచ్చిందే.

కాబట్టి విక్కా వయసు డెబ్బై ఎనభై ఏళ్లు. చాలామంది విక్కన్లే ఇవాళ ఈ మాట దాచకుండా ఒప్పుకుంటారు. కొత్తదని తెలిస్తే చులకన చెయ్యాలా? నేను చెయ్యను. ఒక మనిషికి ఒక ప్రార్థన ఎంత ఊరటనిస్తుందో దాని పుట్టిన తేదీ చెప్పదు. తేదీ అబద్ధం చెప్పకపోతే చాలు.

ఇంకో అబద్ధపు లెక్క ఉంది. యూరప్‌లో తొంభై లక్షలమంది మంత్రగత్తెలను కాల్చారని పుస్తకాల్లోనూ ఊరేగింపుల్లోనూ కనబడుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఫోయ్‌ట్ అనే జర్మన్ రచయిత తన ఊరి దస్తావేజుల్లో దొరికిన కొద్దిపాటి కేసులను ఖండమంతటికీ హెచ్చవేస్తే వచ్చిన సంఖ్య అది. ఇవాళ చరిత్రకారులు ఇచ్చే అంచనా 40 వేల నుంచి 60 వేల దాకా. ఎక్కువమంది ఆడవాళ్ళు. ఐస్‌లాండ్‌లో మాత్రం ఎక్కువమంది మగవాళ్ళు. అందరినీ కాల్చలేదు కూడా: ఇంగ్లండులో ఉరి తీశారు, అమెరికాలో సేలమ్‌లో 1692లో 19 మందిని ఉరి తీశారు. 40 వేల ప్రాణాలు తక్కువా? దుఃఖానికి సున్నాలు చేర్చనక్కర్లేదు. ఆ చనిపోయినవాళ్ళు విక్కన్లు కారన్నది కూడా గుర్తుంచుకోవాలి. దాదాపు అందరూ చర్చికి వెళ్ళే మామూలు క్రైస్తవులు. మంత్రగత్తె అన్న పేరు వాళ్ళు పెట్టుకున్నది కాదు, పక్కింటివాళ్ళు వేసింది.

చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది ప్రసవాలు చేసే మంత్రసానులని 1973లో ఒక చిన్న పుస్తకం ప్రచారం చేసింది. దస్తావేజులు అలా చెప్పవు. చాలా చోట్ల మంత్రసానులు విచారణకర్తల పక్షానే ఉన్నారు, నిందితుల ఒంటి మీద గుర్తులు వెతకడానికి వాళ్ళనే పిలిచేవారు. ఈ సంగతి చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఎందుకంటే నేను కళ్ళారా చూసిన ఒక్క కేసులో నింద పడింది మంత్రసాని మీదే.

మన మాట చూడండి. బిడ్డను భూమ్మీదికి తెచ్చే ఆమె మంత్రసాని, బిడ్డను చంపుతుందని అనుమానించే ఆమె మంత్రగత్తె. మా ఊరు మెదక్ వైపు. నాకు తొమ్మిదేళ్లు. వరసగా ఇద్దరు పసిపిల్లలు పోయారు, ఒకరింట్లో బట్టలు అంటుకున్నాయి. బాణామతి అన్నారు. రెండు ప్రసవాలకూ వెళ్ళింది ఊరి మంత్రసానే కాబట్టి ఆమే చేసిందన్నారు. పళ్ళు పీకితే మంత్రం పలకదన్న నమ్మకం మా వైపు ఉండేది. చావడి ముందు వేపచెట్టుకు కట్టేశారు. మాస్టారు బడి వదిలి, మమ్మల్ని ఇంటికి పొమ్మని చెప్పి పరుగెత్తారు. మేం ఇంటికి పోలేదు, ఆయన వెనకే పోయాం. ఆయన చేరేసరికి పటకారు దుమ్ములో ఉంది, ఆమె రవిక ముందు భాగం ఎర్రగా ఉంది. రెండు పళ్ళు పోయాయి.

"ఆమె చేసిందని మీరు చూసిన్రా?" అన్నారు మాస్టారు. ఎవరూ మాట్లాడలేదు. "ఎవరు చూసిన్రు? ఎన్నడు? పొద్దునా, రాత్రా?" అంతే. తేదీలే అడిగారు. కట్లు విప్పింది కూడా ఆయనే. పదిహేను రోజుల్లో ఆమె పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఇందుకే, విక్కన్లు తమ గురించి చెప్పుకునే విచ్ అనే మాటను తెలుగులో మంత్రగత్తె అని పెట్టి ముందుకెళ్ళిపోవడం నాకు సమ్మతం కాదు. మన చందమామ కథల్లో మంత్రగత్తె ఉంది, తులసిదళం నవల చదివిన వేల ఇళ్లలో చేతబడి భయం ఉంది, చావడి ముందు వేపచెట్టూ ఉంది. ఇవన్నీ మోసే మాటను, ఒక ఇంగ్లీషు ఆవిడ ఇష్టపడి పెట్టుకున్న పేరు మీద దించితే ఇద్దరికీ అన్యాయం. ఆమె చెయ్యనిది చేస్తుందనుకుంటాం. చెట్టుకు కట్టేసిన ఆమె ఏదో చేసే ఉంటుందనుకుంటాం. విక్కన్‌ను విక్కన్ అనే అందాం.

మరి వాళ్ళు చేసేదేమిటి? కొన్నేళ్ల కిందట ఒహాయోలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. పక్కింటావిడ ఆసుపత్రిలో నర్సు, విక్కన్. అక్టోబర్ 31 రాత్రి సావిన్ పండుగకు మమ్మల్ని పిలిచింది. ఏడాదికి వాళ్ళకు ఎనిమిది పండుగలు, ఋతువుల మలుపుల్లో. వీటిలో సావిన్ పెద్దలది. పెరట్లో తొమ్మిదిమంది, అందులో ఇద్దరు మగవాళ్ళు. వాళ్ళూ విచ్‌లమనే చెప్పుకుంటారు, వార్లాక్ అనే మాట వాడరు. నీళ్ళలో ఉప్పు కలిపి వలయం చుట్టూ చల్లింది. నాలుగు దిక్కులా నాలుగు కొవ్వొత్తులు. నల్ల పిడి కత్తి ఎత్తి గాలిలో గీత గీసింది. దాన్ని అథామే అంటారు. దానితో దేన్నీ కొయ్యరు. బలి లేదు, రక్తం లేదు. గార్డనర్ సంప్రదాయంలో నగ్నంగా చేసే పద్ధతి ఉందన్నది నిజమే. ఇక్కడ మాత్రం చలికి అందరూ స్వెట్టర్లలోనే ఉన్నారు.

ఆవిడను నేను దాపరికం లేకుండా అడిగాను. సైతానును కొలుస్తారా? సైతాను క్రైస్తవుల కథలోవాడు, మా కథలో లేడు అంది. వాళ్ళది చంద్రుడి అమ్మవారు, అడవి కొమ్ముల దేవుడు. శాపాలు పెడతారా? ఎవరికీ హాని లేకుండా నీ ఇష్టం నెరవేర్చుకో అన్నది వాళ్ళ నియమం, పంపింది మూడింతలై తిరిగొస్తుందన్నది చాలామంది నమ్మకం. విచ్ అని చెప్పుకునే అందరూ విక్కన్లు కారని, మిగతావాళ్ళ తరఫున తాను మాట్లాడలేనని కూడా అంది. అందరికీ పెద్దలాంటి పీఠం లేదు కాబట్టి ఎవరైనా గురువు కావచ్చు, దాని వల్ల చెడ్డవాళ్ళూ దూరతారు. డబ్బు అడిగినా, ఇంట్లోవాళ్ళకు దూరంగా ఉండమన్నా, ఒంటి మీద చెయ్యి వేసినా బయటికొచ్చేయమని పిల్లలకు చెబుతానంది. ఈ మాట నా స్నేహితురాలికి అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. చుక్కను చూసి భయపడకు, ఈ మూడూ అడుగు అన్నాను.

ఆ చుక్క కోసం అమెరికాలో పెద్ద పోరాటమే జరిగింది. వర్జీనియా జైల్లోని ఒక ఖైదీ కేసులో 1986లో అప్పీలు కోర్టు విక్కా మతమేనని ఒప్పుకుంది, అతను అడిగిన వస్తువులు మాత్రం ఇవ్వనవసరం లేదంది. 2005లో అఫ్గానిస్థాన్‌లో చనిపోయిన ఒక సైనికుడి స్మారక ఫలకం మీద ఆ చుక్క చెక్కడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. భార్య పోరాడింది. 2007 ఏప్రిల్‌లో ఒప్పుకున్నారు. ఇంగ్లండు, వేల్స్‌లలో 2021 జనాభా లెక్కల్లో దాదాపు 13 వేలమంది తమ మతం విక్కా అని రాశారు.

చుక్క ఐదు మొనలూ భూమి, గాలి, నిప్పు, నీరు, ఆత్మ అని ఆ నర్సు చెప్పగానే, మన పంచభూతాలే కదా అని మా అల్లుడు అన్నాడు. అది తొందరపాటు. భూమి, గాలి, నిప్పు, నీరు గ్రీకుల నుంచి అక్కడి ఆలోచనలో ఉన్నవే. గార్డనర్ సిలోన్‌లో ఉన్నాడు కాబట్టి మన శక్తిపూజనే పట్టుకెళ్ళాడనడానికి ఆధారం కావాలి. పోలిక కనబడితే సంతోషిద్దాం, స్వంతం చేసుకోవద్దు.

అయినా ఆ రాత్రి ఒక పోలిక నన్ను వదల్లేదు. బల్ల చివర ఒక కుర్చీ ఖాళీగా ఉంచి, దాని ముందు కంచంలో రొట్టె, ఆపిల్ ముక్కలు పెట్టారు. ఆ ఏడాది పోయినవాళ్ళకు, అంతకుముందు పోయినవాళ్ళకు. మాటల్లేకుండా తినాలి. నాకు పెత్రమాస గుర్తొచ్చింది. పొద్దున పెద్దలకు బియ్యమిచ్చి, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తే రోజు. తినడం అయ్యాక, పోయినవాళ్ళ పేర్లు కాగితం మీద రాసి కంచం కింద పెట్టమన్నారు. ఆవిడ తన తల్లి పేరు రాసింది. నేను మా అమ్మ పేరు రాశాను, మాస్టారి పేరు రాశాను. వేపచెట్టు కింద ఆమె సంగతి చెప్పాను. పెన్ను నా వైపు జరిపి, ఆమె పేరేమిటి అంది నర్సు.

నాకు తెలియదు. మేమంతా మంత్రసానమ్మ అనే పిలిచేవాళ్ళం.

అక్కడ రాత్రి, ఇక్కడ పొద్దున. మాస్టారింటికి ఫోన్ చేశాను. మాస్టారి భార్యను మేం అమ్మా అనే పిలుస్తాం. ఇవాళ ఇక్కడ మొదటి వరసలో కూర్చున్నారు. ఆ సంగతి జరిగిన ఏడాదే, తనకు నొప్పులు మొదలైన రాత్రి మాస్టారు ఎడ్లబండి కట్టించుకొని మూడు కోసుల దూరంలో ఉన్న పుట్టింటి నుంచి ఆమెనే తీసుకొచ్చారట. ఇవాళ ఈ సభలో మైకు సర్దుతున్న పెద్దబ్బాయి పుట్టింది ఆమె చేతుల్లోనే. అమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోకుండా పేరు చెప్పారు. ఆమె మనవలు ఆ వైపే ఉన్నారు కాబట్టి ఇక్కడ చెప్పను. తెలుగులోనే రాసి కంచం కింద పెట్టాను. నర్సు ఆ అక్షరాలు చదవలేదు. ఎలా పలకాలో నన్ను రెండుసార్లు అడిగి నేర్చుకొని, పైకి పలికింది.