ముందు బజారు, ఆ తరువాతే దరఖాస్తు



స్వయం ఉపాధి కోరే మన యువత ఏ వ్యాపారాన్ని, ఎట్లా ఎంచుకోవాలన్న అంశంపై నాలుగు మాటలు చెప్పవలసిందిగా నిర్వాహకులు కోరారు. మేము వ్యాపారస్తులము కాము. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవారము. అయినప్పటికీ, వ్యాపారం పెట్టదలచినవారి దరఖాస్తులు ఏళ్ల తరబడి మా బల్ల మీదుగానే పైకి వెళ్ళాయి. వాటిలో ఏవి దుకాణాలయ్యాయో, ఏవి అప్పులుగా మాత్రమే మిగిలాయో కళ్ళారా చూశాము. ఆ చూసినదే ఈనాడు మీ ముందు ఉంచుతున్నాము.

రుణం కోసం పెట్టుకొనే దరఖాస్తులో ‘యూనిట్ పేరు’ అని ఒక గడి ఉండేది. ఏ వ్యాపారం పెడతారో అందులో రాయాలి. దరఖాస్తు మొత్తంలో అంతకంటే ముఖ్యమైన గడి మరొకటి లేదు. కాని దానిని నింపినవాడు దరఖాస్తుదారుడు కాడు. కార్యాలయం బయట చెట్టు కింద కూర్చుని అర్జీలు రాసే మనిషి నింపేవాడు. నిరుడు కిరాణా కొట్లకు మంజూరయిందని వింటే అందరికీ కిరాణా కొట్టు. జిరాక్సు సెంటర్లకు త్వరగా వస్తున్నదంటే అందరికీ జిరాక్సు సెంటరు. ఒక సంవత్సరం ఒకే వీధి నుండి అయిదు జిరాక్సు సెంటర్ల దరఖాస్తులు వచ్చాయి. ఆ వీధిలో బడి లేదు, కోర్టు లేదు, కార్యాలయం లేదు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి గనుక మేము నోటు రాసి పైకి పంపాము.

ఆ అయిదుగురిలో ఒకడు పంక్చరు దుకాణం నడిపే ముసలాయన కొడుకు. రెండేళ్ళు తిరగకముందే యంత్రాన్ని సగం ధరకు అమ్ముకున్నాడు. బ్యాంకు అప్పు మాత్రం అట్లాగే ఉండిపోయింది. తల్లి గాజులు అమ్మి కొంత కట్టారు. ఒకనాడు ఆ తల్లి కార్యాలయానికి వచ్చి, “సాబ్, ఆ కాగితం మీద మీ సంతకం కూడా ఉన్నది కదా, మా వాడికి ఒక్క మాట చెప్పలేకపోయారా?” అని అడిగింది. మేము జవాబు చెప్పలేకపోయాము. ఈనాడు ఇక్కడ నిలబడి మాట్లాడటానికి ఆ ప్రశ్నే కారణం.

మిత్రులారా, ఇది ఒక కుటుంబపు కథ కాదు. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం పనిచేసే ముస్లింలలో దాదాపు 61 శాతం మంది స్వయం ఉపాధిపై ఆధారపడినవారు. హిందువులలో ఇది 55 శాతం. జీతపు కొలువుల తలుపులు మనకు సరిగా తెరుచుకోలేదు గనుక బండి, బుట్ట, కత్తెర, స్పానరు పట్టుకొని బ్రతుకుతున్నాము. ఉద్యోగాలలో, విద్యలో న్యాయమైన వాటా కోసం మన పోరాటం కొనసాగవలసిందే. అయితే ఇందరు ఆధారపడిన స్వయం ఉపాధిలో ఏ పని ఎంచుకోవాలన్నది కూడా మన హక్కులంత ముఖ్యమైన విషయమే. దానిని చెట్టు కింద మనిషికి వదిలిపెట్టరాదు.

వ్యాపారం ఎట్లా ఎంచుకోవాలో చెప్పడానికి మన చరిత్రలోనే చక్కని ఉదాహరణ ఉన్నది. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) సమస్తం విడిచి మక్కా నుండి మదీనాకు వలస వచ్చారు. దైవప్రవక్త (స) ఆయనకు, మదీనా వాసి అయిన హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి)కి మధ్య సోదర బంధం కలిపారు. తన ఆస్తిలో సగం తీసుకోమని సఅద్ ముందుకు వచ్చారు. అబ్దుర్రహ్మాన్ ఆయన సంపదకు శుభం కోరి, బజారు ఎక్కడ ఉన్నదో చూపించమని మాత్రమే అడిగారు. జున్ను, నెయ్యి వంటి సరుకులతో బేరం మొదలుపెట్టి కొద్దికాలంలోనే నిలదొక్కుకున్నారు. ఆయన మొదట అడిగింది పెట్టుబడిని కాదు, బజారును. మనం మొదట అడుగుతున్నది రుణాన్ని. తేడా అంతా అక్కడే ఉన్నది.

బజారు చూడటమంటే ఏమిటి? మా అనుభవంలో అది నాలుగు ప్రశ్నలకు జవాబు వెదకటం.

మొదటి ప్రశ్న: ఎవరికి ఏ ఇబ్బంది ఉన్నది? మనవాళ్ళు సాధారణంగా “ఏది బాగా నడుస్తున్నది?” అని అడుగుతారు. పక్కవాడి కొట్టు నడుస్తున్నదని మనమూ అదే పెడితే ఆ గిరాకీ రెండుగా చీలుతుంది. దానికి బదులు “జనం దేనికోసం దూరం వెళుతున్నారు? దేనికోసం రోజుల తరబడి కాచుకుంటున్నారు?” అని అడగాలి. మాకు తెలిసిన ఒక కుర్రవాడు మొబైల్ రిపేరు నేర్చుకున్నాడు. పట్టణంలో అప్పటికే ఒకే బజారులో పదకొండు మొబైల్ దుకాణాలు ఉన్నాయి. పన్నెండవది పెట్టబోతూ, ఎందుకో ఆగి, వారం రోజులు బస్టాండు దగ్గర కూర్చుని చూశాడు. పత్తికీ మిరపకూ మందు కొట్టే బ్యాటరీ పంపులు చెడిపోయి, పల్లెల నుండి రైతులు వాటిని మోసుకొని పట్టణానికి వస్తున్నారు. ఇచ్చిన పంపు తిరిగి చేతికి రావడానికి మూడు నాలుగు రోజులు పడుతున్నది. అదునులో మూడు రోజులంటే రైతుకు పంట నష్టం. ఆ కుర్రవాడు సంత రోజున ఒక మండల కేంద్రంలో బల్ల వేసుకొని కూర్చున్నాడు. ఈనాడు మూడు సంతలకు తిరుగుతున్నాడు. సీజను లేని నెలల్లో ఇన్వర్టర్లు, ఛార్జింగు లైట్లు బాగుచేస్తున్నాడు.

రెండవ ప్రశ్న: మన చేతిలో ఏ విద్య ఉన్నది? పెద్దలు చేసిన వృత్తులలో కొన్ని మన కళ్ళముందే సన్నగిల్లాయి. స్టీలు సామాను వచ్చి రాగి, ఇత్తడి పాత్రలు తగ్గాక కళాయి వేసేవారికి పని తగ్గింది. యంత్రాలు, ఫోము పరుపులు వచ్చి దూదేకుల సోదరుల విల్లు మూలకు చేరింది. వృత్తి పోయిందంటే విద్య అంతా పోయినట్లు కాదు. దూదిని చేతితో తాకి నాణ్యం చెప్పగల కుటుంబం పరుపులు, దిండ్లు, మెత్తలు కుట్టి అమ్మగలదు; పాత పరుపులను తిరిగి చేయగలదు. అంతేగాని ఆ ఇంటి పిల్లవాడు తనకు ఏమాత్రం తెలియని కోళ్ళ ఫారం పెడితే, మొదటి రోగం వచ్చిన నాడే పెట్టుబడి అంతా పోవచ్చు. తెలియని పనిమీద మోజు ఉంటే ముందుగా ఆరు నెలలు మరొకరి దగ్గర జీతానికి చేరి నేర్చుకోవాలి. అది చిన్నతనం కాదు.

మూడవ ప్రశ్న: లెక్క తేలుతుందా? ఉదాహరణకు ఒక టిఫిన్ బండి తీసుకుందాం. రోజుకు 40 మంది వచ్చి తలకు 30 రూపాయల చొప్పున తింటే 1,200 రూపాయలు చేతికి వస్తాయి. ఆ 1,200 చూసి సంతోషిస్తాము. సరుకులకు 700, గ్యాసుకు 100, స్థలం అద్దెకు 100 తీసివేస్తే మిగిలేది 300. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి భార్యాభర్తలిద్దరూ చేసిన కష్టానికి అది ప్రతిఫలం. అదే మనిషి కూలికి వెళితే 500 వచ్చే ఊరిలో ఈ బండి లాభం కాదు, నష్టం. మన ఇంటివారి శ్రమకు కూడా కూలి కట్టి లెక్క వేస్తేనే నిజం బయటపడుతుంది. అట్లాగే సంవత్సరంలో ఎన్ని నెలలు గిరాకీ ఉంటుందో చూడాలి. రమజాన్‌లో హలీం, సేమియా అమ్మి మంచి డబ్బు చూసినవారు, అదే లెక్కతో ఏడాది అద్దెకు దుకాణం తీసుకొని దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి. మిగిలిన పదకొండు నెలలకు జవాబు ఉంటేనే దుకాణం. లేకపోతే అది ఒక నెల బేరం మాత్రమే. ఆ ఒక నెలకు సరిపడా బండి చాలు.

నాలుగవ ప్రశ్న: ఎంత పోయినా ఇల్లు నిలబడుతుంది? ఎంత వస్తుందన్నది అందరూ అడుగుతారు. ఎంత పోగొట్టుకోగలమన్నది ముందుగా ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి. పిల్లల ఫీజు, ఇంటి అద్దె, తల్లిదండ్రుల మందులు ఈ మూడింటి డబ్బు వ్యాపారంలో పెట్టకూడదు.

ఈ నాలుగింటికి జవాబులు దొరికిన తరువాత కూడా వెంటనే అప్పుకు వెళ్ళవద్దని మా మనవి. చిన్నగా చేసి చూడాలి. సహాయం కోరి వచ్చిన ఒక అన్సారీ విషయంలో ప్రవక్త (స) ఏమి చేశారో మనకు తెలుసు. అతని ఇంట్లో ఉన్న కంబళి, గిన్నె తెప్పించి, రెండు దిర్హములకు అమ్మించారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి, రెండవదానితో గొడ్డలి కొనమన్నారు. స్వయంగా ఆ గొడ్డలికి పిడి బిగించి ఇచ్చి, కట్టెలు కొట్టి అమ్ముకొని పదిహేను రోజుల వరకు కనిపించవద్దన్నారు. అతడు పది దిర్హములతో తిరిగివచ్చాడు. ఇంట్లో ఉన్నదానితోనే మొదలు, ఇంటి తిండికి వేరే ఏర్పాటు, చేతికి ఒక పనిముట్టు, పదిహేను రోజుల గడువు. చిన్నగా చేసి చూడటానికి కావలసినదంతా ఇందులో ఉన్నది. పంపులు బాగుచేసే కుర్రవాడు కూడా తొలి నాలుగు సంతలు అరువు తెచ్చుకున్న బల్లమీదనే గడిపాడు.

ఇంటి పట్టున పనిచేసే సోదరీమణులకు ఒక మాట. మగ్గం పని, బీడీలు, కుట్టుపని, ఏదైనా మధ్యవర్తి తెచ్చి ఇచ్చి, మధ్యవర్తే ధర చెప్పి తీసుకువెళితే, కష్టం మీది, వ్యాపారం అతనిది. మీ వస్తువు చివరకు ఎవరు కొంటున్నారో, ఎంతకు కొంటున్నారో తెలుసుకోండి. పదింటిలో రెండు వస్తువులైనా నేరుగా అమ్మే దారి వెదకండి. కొనేవారి ముఖం చూసిన నాడే మీకు రెండవ ఆలోచన తడుతుంది.

వడ్డీకి జంకి బ్యాంకు గడప తొక్కనివారు మనలో ఎందరో ఉన్నారు. వారికి భాగస్వామ్యం అనే మార్గం ఉన్నది. హజ్రత్ ఖదీజా (రజి) సరుకుతో ప్రవక్త (స) షామ్ దేశానికి వర్తకానికి వెళ్ళిన సంగతి మనకందరికీ తెలిసినదే. ఒకరి పెట్టుబడి, ఒకరి శ్రమ, ముందుగా రాసుకొన్న పంపకం. దీనికి కావలసింది రెండు: రోజువారీ లెక్కల పుస్తకం, లాభనష్టాల గురించి మొదటి రోజునే కాగితం మీద ఒప్పందం. మసీదు కమిటీలు ఖర్జె హసనా నిధి పెట్టదలిస్తే, దరఖాస్తుదారుణ్ణి “ఎంత కావాలి?” అని అడిగే ముందు “బజారు చూశావా?” అని అడగాలి.

ప్రభుత్వ పథకాలను వద్దనటం మా ఉద్దేశం కాదు. అవి దయాదాక్షిణ్యాలు కావు, పౌరులుగా మన హక్కు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో మైనారిటీలకు గ్రామాలలో 35 శాతం, పట్టణాలలో 25 శాతం రాయితీ ఉన్నది; సొంత వాటా 5 శాతం సరిపోతుంది. అయితే ఆ రాయితీ సొమ్ము మూడేళ్ళ పాటు బ్యాంకులోనే ఉంటుంది. యూనిట్ నడుస్తున్నదని తేలిన తరువాతే అప్పులో జమ అవుతుంది. మధ్యలో మూతపడితే రాయితీ దక్కదు, అప్పు మాత్రం మిగులుతుంది. ముద్రా రుణాలలో శిశు తరగతి కింద 50 వేల రూపాయల వరకు హామీ లేకుండా ఇస్తారు. చిన్నగా చేసి చూసిన పనిని ఒక మెట్టు పెంచడానికి అది చాలు. అర్హత ఉండి కూడా బ్యాంకు నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. నోటి మాటతో తిరిగి రావద్దు. అట్లాంటి కాగితాలు పోగుపడితేనే మన సంఘాలు పైవారిని ప్రశ్నించగలవు.

ప్రభుత్వానికి కూడా ఈ వేదిక నుండి ఒక విన్నపం. దరఖాస్తులకు పది పదిహేను రోజుల గడువు ఇచ్చి హడావిడిగా ముగించే పద్ధతి మారాలి. ఆ గడువులో ఎవరూ బజారు చూడలేరు. చెట్టు కింద మనిషి దగ్గరకే పరుగెత్తుతారు. ఏడాది పొడవునా దరఖాస్తులు తీసుకోవాలి. మంజూరుకు ముందు స్థలాన్ని, పనిని తెలిసినవారితో చూపించాలి. ఆనాడు మేము చేయని పని అదే.

చివరిగా యువ మిత్రులకు. ఈ సభ ముగిసిన తరువాత పది రూపాయల నోటుపుస్తకం ఒకటి కొనండి. వారం రోజులు మీ పేటలో, మీ సంతలో తిరగండి. ఎవరు దేనికోసం దూరం వెళుతున్నారో, దేనికోసం కాచుకుంటున్నారో, ఎంత చెల్లిస్తున్నారో రాయండి. ఆ పుస్తకం నిండిన తరువాత దరఖాస్తు ఫారం తీయండి. ‘యూనిట్ పేరు’ అన్న గడిని మీ చేతితో మీరే నింపండి. ఎట్లా నింపాలో తోచకపోతే మా ఇంటికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం. ఆ తల్లికి ఆనాడు ఇవ్వలేని జవాబును మీకైనా ఇవ్వాలన్నదే మా కోరిక.

అల్లాహ్ మన సంపాదనలో హలాలును, బర్కత్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.