జీవకణమున పురి విప్పు పనివారు



రెండు పేటల పలుపును రెండు గుంజలకు బిగించి కట్టి, నడుమ వ్రేలు దూర్చి, పేటలను విడదీయుచు ఒక కొనవైపునకు జరిపినచో, ముందు పురి బిగియును, వెనుక సడలును. తుదకు వ్రేలు కదలదు. ఇట్టి చిక్కే ప్రతి జీవకణమునందును నిత్యము కలుగుచున్నది.

వంశలక్షణములు లిఖింపబడిన డి.ఎన్.ఏ. రెండు పోగుల మెలిక. ఈ నిర్మాణమును 1953లో వాట్సన్, క్రిక్ అను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. మానవుని ఒక్క కణములోని డి.ఎన్.ఏ.ను సాగదీసినచో సుమారు 2 మీటర్లుండును. అదంతయు కంటికి కానరాని కేంద్రకమున ఇమిడియున్నది.

అమూల్య గ్రంథమును గ్రంథాలయము ఇంటికీయదు. కావలసిన పుటకు నకలు వ్రాసికొననిచ్చును. కణమును అట్లే అవసరమైన జన్యువునకు మాత్రము ఆర్.ఎన్.ఏ. అను నకలు వ్రాయించును. నకలు వ్రాయు ఎంజైము పోగులను విడదీయుచు సాగినకొలది, సుమారు 10 అక్షరముల జతలకొక మెలిక చొప్పున ముందు పురి బిగియును. 1987లో లియు, వాంగ్ ఈ సంగతిని వివరించిరి.

ఈ చిక్కు తీర్చునవి టోపోఐసోమరేజులను ఎంజైములు. మొదటిదానిని 1971లో జేమ్స్ వాంగ్ బాక్టీరియాయందు కనుగొనెను. వీనిలో ఒక తెగ ఒక్క పోగునే త్రెంచి, పురి సడలనిచ్చి, మరల అతుకును. రెండవ తెగ రెండు పోగులను త్రెంచి, ఆ సందున డి.ఎన్.ఏ.లోని మరియొక భాగమును దాటించి అతుకును. అతుకువరకు తెగిన కొనను ఎంజైము విడువదు. కావున లిఖితము చెడదు.

పురి కొంత సడలిన చోట పోగులు సులభముగా విడును. మిక్కిలి బిగిసిన చోట నకలు నిలిచిపోవును. కావుననే ఏ జన్యువు ఎంత చదువబడవలెనను నిర్ణయమున ఈ ఎంజైములకును పాలు గలదు. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో, వీనిని అడ్డగింపగా నాడీకణములలో మిక్కిలి పొడవైన జన్యువుల నకళ్లు విశేషముగా తగ్గినవి.

త్రెంచి అతుకకున్నచో ఏమగును? వాల్, వాని అను శాస్త్రజ్ఞులు చైనా దేశపు చెట్టునుండి వేరుచేసి 1966లో ప్రకటించిన కాంప్టోథెసిన్ అను పదార్థము చేయునది అదియే. మన పడమటి కనుమలలోని ఒక చెట్టునందును ఇది లభించును. ఇది ఎంజైమును త్రెంచిన చోటనే నిలిపివేయును. వేగముగా విభజన చెందు కణమునకు ఆ గాయము ప్రాణాంతకము. దీనినుండి రూపొందిన మందులు నేడు కొన్ని క్యాన్సరులకు వాడబడుచున్నవి. అవి ఆరోగ్యకణములను సైతము బాధించును గనుక వైద్యులు మిక్కిలి జాగరూకతతో నిత్తురు.

గ్రంథము భద్రముగా నున్నంతనే చాలదు. తెరచుటకు వీలుండవలెను, తెరచినది చెడకుండవలెను. కణమునకైనను, గ్రంథాలయమునకైనను ధర్మమిదియే.