స్కూల్లో కౌన్సెలర్ బోర్డు ఉంది సరే, లోపల కూర్చున్నది ఎవరు?

ఈ ఎపిసోడ్ టెన్త్, ఇంటర్ చదివేవాళ్ళకి, ఇంట్లో అట్లాంటి తమ్ముడో చెల్లెలో ఉన్నవాళ్ళకి. ప్రశ్న ఒక్కటే. మీ స్కూల్లో "కౌన్సెలర్" అని ఒక రూమ్ ఉంటే, లోపలున్న మనిషికి ఆ పని వచ్చని మనకెట్లా తెలుస్తుంది?

మెడికల్ షాపులో లైసెన్స్ ఫ్రేము కట్టి గోడకి తగిలిస్తారు. కృష్ణపట్నం పోర్టుకి లారీ తోలాలన్నా హెవీ లైసెన్స్ ఉండాల్సిందే. మరి పిల్లల మనసుతో పనిచేసేవాళ్ళకి? మన ఆంధ్రప్రదేశ్‌లో "స్కూల్ సైకాలజిస్ట్" అనే ప్రత్యేకమైన లైసెన్సే లేదు.

అమెరికాలో ఉంది. అక్కడ స్కూల్ సైకాలజిస్ట్‌కి లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రం, చాలాచోట్ల విద్యాశాఖే ఇస్తుంది. వాళ్ళ జాతీయ సర్టిఫికెట్ రావాలంటే డిగ్రీ తర్వాత 60 సెమిస్టర్ గంటల చదువు, 1200 గంటల ఇంటర్న్‌షిప్ కావాలి. అందులో కనీసం 600 గంటలు స్కూల్లోనే చేయాలి.

ఇక్కడ ఏముందో చూద్దాం. 1992లో రీహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం వచ్చింది. ఆ కౌన్సిల్‌నే ఆర్‌సీఐ అంటాం. "క్లినికల్ సైకాలజిస్ట్" అని పనిచేయాలంటే ఇందులో రిజిస్టర్ అవ్వాలి. రిజిస్ట్రేషన్ లేకుండా చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అవును, వెయ్యే! తర్వాత 2021లో ఇంకో చట్టం వచ్చి, మిగతా సైకాలజిస్టులని కూడా ఆరోగ్య వృత్తుల జాబితాలో చేర్చింది, రాష్ట్రాలని కౌన్సిళ్ళు పెట్టి రిజిస్టర్లు నడపమంది. సీబీఎస్ఈ స్కూళ్ళకైతే బోర్డు రూలే ఉంది, కౌన్సెలర్‌ని పెట్టుకోవాలని.

అసలు పెద్ద మార్పు మన రాష్ట్రంలో మొదలైన కేసుతో వచ్చింది. 2023 జులైలో విశాఖపట్నంలో నీట్‌కి చదువుతున్న 17 ఏళ్ళ అమ్మాయి చనిపోయింది. వాళ్ళ నాన్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ఆ కేసుని సీబీఐకి ఇచ్చారు. దాంతో పాటు దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చారు. చట్టం వచ్చేదాకా ఇవే అమల్లో ఉంటాయి.

అందులో మనకి కావాల్సింది ఇది. 100 మందో అంతకంటే ఎక్కువో విద్యార్థులుంటే, పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరుండాలి. అంతకంటే చిన్న స్కూలైతే బయటి నిపుణులతో ఏర్పాటు ఉండాలి. మార్కులని బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరిముందూ అవమానించడం వీలైనంతవరకు మానుకోవాలి.

ఇక్కడే తిరకాసు. "శిక్షణ పొందిన" అంటే ఎంత శిక్షణ? దానికి ఒక లైసెన్స్ లేదు కాబట్టి, రెండు రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఉన్న లెక్కల సార్‌ని కూర్చోబెట్టి "మా దగ్గర కౌన్సెలర్ ఉన్నారు" అనేయొచ్చు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే స్క్రీన్ మీద బటన్ ఉంది, నొక్కితే ఏమీ జరగదు.

దీనివల్ల పిల్లలకి ఏం నష్టమో చూడండి. మైపాడులోనో కోడూరులోనో ఒకాయన వేటకి పోతాడు, లేదా రొయ్యల గుంట దగ్గర రాత్రిళ్ళు కాపలా ఉంటాడు. అప్పుచేసి కొడుకుని నెల్లూరు హాస్టల్లో వేశాడు. పిల్లోడికి తెలివుంది, చదవబోతే మాత్రం అక్షరాలు తారుమారవుతాయి. దీన్ని లెర్నింగ్ డిజెబిలిటీ అంటారు, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉంది. సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో అదనపు టైమ్ అడగొచ్చు. కానీ దానికి ముందు క్లినికల్ లేదా రీహాబిలిటేషన్ సైకాలజిస్ట్ పరీక్ష చేయాలి. స్కూల్లో ఉన్నాయన అది గుర్తుపట్టలేక "బద్ధకం నాయనా, ఫోన్ తగ్గించు" అన్నాడనుకోండి, ఆ దారి అక్కడే మూసుకుపోతుంది. నాన్నేమో సార్లని అడగడానికి మొహమాటపడతాడు. అందుకే అడగాల్సింది మనం, అన్నలం, అక్కలం.

మర్యాదగా నాలుగు ప్రశ్నలు అడగండి. ఒకటి, సార్, మీరేం చదివారు, ఎక్కడ? రెండు, పిల్లలతో పనిచేసే శిక్షణ ఎవరి దగ్గర, ఎన్నాళ్ళు తీసుకున్నారు? మూడు, మా వాడు చెప్పింది ప్రిన్సిపాల్‌కి చెప్తారా? ప్రాణం మీదకొస్తే చెప్పాల్సిందే, మిగతావి దాచాలి. నాలుగు, మీ వల్ల కాకపోతే ఎవరి దగ్గరికి పంపిస్తారు? నాలుగోదానికి "అవసరం రాదు" అంటే అనుమానించండి. పని తెలిసినవాళ్ళకి తమ హద్దు కూడా తెలుస్తుంది. ఎవరైనా క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకుంటే ఆర్‌సీఐ నంబర్ అడిగి, వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఫోన్లోనే రెండు నిమిషాల పని.

ఎంఏ సైకాలజీ చదివి, తక్కువ జీతానికి, ఒక్కరే వందలమంది పిల్లల్ని చూసుకునే కౌన్సెలర్లు కూడా ఉన్నారు. ఈ ప్రశ్నలు వాళ్ళని ఇబ్బంది పెట్టవు. లైసెన్స్ వస్తే మొదట లాభపడేది వాళ్ళే.

ఇప్పుడే ఎవరికైనా మనసు బాగోలేకపోతే 14416కి కాల్ చేయండి. టెలీమానస్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ నంబర్ స్కూల్లో, హాస్టల్లో కనిపించేలా పెట్టాలని కూడా సుప్రీంకోర్టు చెప్పింది. మీ దగ్గర పెట్టారా లేదా చూసి, కింద కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.