రైఫిల్ బ్యారెల్ క్లీనింగ్: నేను చేసిన తప్పు మీరు చేయకండి

కామెంట్స్‌లో చాలామంది ఒకటే అడుగుతున్నారు: "అన్నా, పాయింట్ టూ టూ రైఫిల్ బ్యారెల్ దేంతో క్లీన్ చేయాలి?" ఏది కొనాలో చెప్పేముందు, నేను ఏం పాడుచేశానో చెప్తా.

కొత్తగా షూటింగ్ మొదలుపెట్టిన రోజులు. రేపు పోటీ అనగా, ముక్కలు ముక్కలుగా బిగించే స్టీల్ రాడ్ ఒకటి తీసుకుని, క్లబ్ రైఫిల్‌ని మజిల్ వైపు నుంచే బరబరా రుద్దేశా. తళతళలాడింది, నేనూ మురిసిపోయా. మర్నాడు టార్గెట్ మీద గ్రూప్ మొత్తం చెదిరిపోయింది! మా కోచ్ గారు ఏమీ అనలేదు. కాటన్ బడ్ తీసుకుని బ్యారెల్ చివర లోపలి అంచు మీద తిప్పారు. ఒకచోట దూది పోగు చిక్కుకుంది. "చూశావా, ఇక్కడ లేచింది" అన్నారు. అంతే, నా నోట మాట లేదు.

ఆ అంచునే క్రౌన్ అంటారు. బుల్లెట్ చివరిగా తాకేది దాన్నే. అది ఒకపక్క దెబ్బతింటే, వెనకనుంచి వచ్చే గ్యాస్ సమానంగా బయటికి రాదు, బుల్లెట్ పక్కకి పోతుంది. మీరు గురి ఎంత బాగా పెట్టినా లాభం లేదు.

అందుకే మొదటి రూల్: వీలైనంతవరకు బ్రీచ్ వైపు నుంచే క్లీన్ చేయాలి. బోల్ట్ తీసేసి, బోర్ గైడ్ పెట్టండి. రాడ్ ఒకటే ముక్కగా, పైన కోటింగ్ ఉన్నది, పట్టుకునే చోట బేరింగ్‌తో తిరిగేది తీసుకోండి. బ్రష్ కాంస్యానిది చాలు, స్టీల్ బ్రష్ జోలికి వెళ్లొద్దు. బ్రష్‌ని బ్యారెల్ మధ్యలో వెనక్కి తిప్పకండి, పూర్తిగా బయటికి రానిచ్చి అప్పుడు లాగండి. ముందు సాల్వెంట్‌తో తడి ప్యాచ్, కాసేపు ఆగి బ్రష్, తర్వాత ప్యాచ్ శుభ్రంగా వచ్చేదాకా పొడి ప్యాచ్‌లు.

ఎన్‌సీసీలో చేసినవాళ్లకి పుల్‌త్రూ, చిందీ గుర్తున్నాయి కదా? అది కూడా మంచి పద్ధతే. కాకపోతే తాడుని నిటారుగా లాగాలి. పక్కకి లాగితే ఆ తాడే క్రౌన్‌ని అరగదీస్తుంది.

మరి ఎన్నిసార్లు? ఇందులో గుళ్లు సాధారణంగా సీసానివి, పైన మైనమో గ్రీజో ఉంటుంది. పూర్తిగా క్లీన్ చేశాక ఆ పూత మళ్లీ పట్టేదాకా మొదటి కొన్ని షాట్లు అటూ ఇటూ పోతాయి. కాబట్టి పోటీ ముందురోజు రాత్రి డీప్ క్లీనింగ్ పెట్టుకోకండి. గ్రూప్ విచ్చుకుంటుంటే అప్పుడు చేయండి. వానాకాలం దాచిపెట్టేటప్పుడు పల్చగా నూనె, మళ్లీ కాల్చేముందు ఒక పొడి ప్యాచ్.

ఎయిర్ రైఫిల్ వాళ్లు ఇవేవీ చేయొద్దు. ఫెల్ట్ పెల్లెట్స్ చాలు. సాల్వెంట్ లోపలికి పోతే సీల్స్ పాడవుతాయి.

ఏదైనా సరే, ముందు ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూడండి. అయిపోయాక సబ్బుతో చేతులు కడుక్కోండి, అది సీసం.

నిజం చెప్పాలంటే, ఆ రోజు నేను ఏమీ చేయకుండా ఊరుకున్నా రైఫిల్ బాగుండేది. మీ రాడ్ ఏ వైపు నుంచి వెళ్తోందో కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి!