ఆర్గాన్ సిలిండరు – నా అభ్యంతరం
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసులో మరచిపోలేని ఒక ఫైలు గురించి మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. నాది 1983 నాటి ఫైలు. అప్పుడు నేనొక ప్రభుత్వ విద్యాసంస్థలో స్టోర్సు గుమాస్తాను. భౌతికశాస్త్ర విభాగంలో ఒక రీసెర్చి స్కాలరు అతిశుద్ధమైన ఆర్గాన్ వాయువు కావాలని ఇండెంటు పెట్టాడు. వెల్డింగు షాపులకిచ్చే ఆర్గాన్ ఎంతో చౌకగా దొరుకుతుంటే ఇదెందుకని నేను అభ్యంతరం రాశాను. పైవారు మెచ్చుకున్నారు. చౌకదే వచ్చింది.

నాలుగు నెలల తర్వాత ఆ కుర్రవాడే నన్ను లాబొరేటరీకి తీసుకెళ్లాడు. కోప్పడలేదు, అదే నాకు బాధ. గొట్టంలో ఆర్గాన్ నింపి, ఒక చివర కాసిని అయాన్లను ఒక్కసారిగా వదిలి, రెండో చివరికి ఎంతసేపట్లో చేరాయో కొలుస్తారట. మామూలు వాతావరణ పీడనంలో, సెంటీమీటరుకు ఒక వోల్టు చొప్పున పెడితే, ఆర్గాన్ అయాను సెకనుకు సుమారు ఒకటిన్నర సెంటీమీటరు కదులుతుంది.

"ఇంత నెమ్మదా?" అన్నాను.

"మీ ఆఫీసులోలాగే ఛార్జి అప్పగింతండీ" అని నవ్వాడు.

దారిలో తగిలిన మామూలు ఆర్గాన్ పరమాణువు నుంచి అయాను ఒక ఎలక్ట్రాన్‌ను లాక్కుంటుంది. ఇది మామూలుదైపోతుంది, అది అయానవుతుంది. కొత్తగా ఛార్జి తీసుకున్నది మళ్లీ మొదటినుంచి బయలుదేరాలి. మధ్యలో నీటియావిరి ఉందా, ఛార్జి దానికి పోతుంది. ఇక మనం కొలిచేది ఆర్గాన్ వేగం కాదు.

రెండో కొలత లోహపు పలక దగ్గర. అయాన్లు వచ్చి తాకితే పలకలోంచి ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. మన ఇళ్లలో టెస్టరులోని నియాన్ బల్బు ఎర్రగా వెలుగుతూ ఉండటానికి ఇదే ఆధారం. 1950లలో అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో హాగ్‌స్ట్రమ్ శుభ్రమైన టంగ్‌స్టన్ మీద కొలిస్తే, వంద హీలియం అయాన్లకు ముప్పై దాకా ఎలక్ట్రాన్లు వచ్చాయి. ఆర్గాన్‌కు పదికి అటూ ఇటూ. లోహం మీద కంటికి కనిపించని వాయుపు పొర పట్టినా ఈ లెక్క మారిపోతుంది. నేను ఆదా చేసిన సొమ్ము ఈ రెండు కొలతలనూ పాడుచేసింది.

మరుసటి ఇండెంటు మీద నేను అభ్యంతరం రాయలేదు. కాని శుద్ధమైన సిలిండరు దిగేనాటికి అతని ఫెలోషిప్పు గడువు తీరిపోయింది. ఏదో జూనియర్ కాలేజీలో ఉద్యోగానికి వెళ్లాడని విన్నాను. వెళ్లేముందు నా సీటు దగ్గరికి వచ్చి చెప్పే వెళ్లాడు. నేను మాత్రం తప్పు నాదని అతనితో అనలేకపోయాను. ఇవాళ మీ ముందు అంటున్నాను.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. సెలవు.